బావ ఆపేసిన ప్రీయాంప్

మా పెద్దక్క భర్త, నాకు హ్యామ్ రేడియో, అంటే సొంత సెట్టుతో దూరాలవాళ్ళతో మాట్లాడే విద్య, నేర్పిన బావ, పోయిన వారం చిలకలూరిపేటలో పోయారు. "మీ బావ ఇక లేరురా" అని అక్క ఫోన్ చేసింది. ఏడుపు కంటే ముందు నాకు విసుగొచ్చింది. ప్రీయాంప్ మీద మా వాదన ఒకటి సగంలో ఉంది. నాకు జవాబు చెప్పకుండా లేచి వెళ్ళిపోవడం ఆయనకు ముందునుంచీ అలవాటే.

ప్రీయాంప్ అంటే రిసీవర్‌లో ఒక బటన్. నొక్కితే యాంటెనా నుంచి వచ్చే నీరసపు సిగ్నల్‌ను పెంచుతుంది. ఉన్నదాన్ని వాడకుండా ఉంచడం దేనికని నేనెప్పుడూ ఆన్‌లోనే పెట్టేవాణ్ణి. బావ వెనకనుంచి వచ్చి, మాటైనా అడక్కుండా ఆపేసేవారు. ఒక్కోసారి నేను వింటుండగానే యాంటెనా వైరు పీకేసేవారు.

"బావా! అవతల మనిషి మాట్లాడుతున్నాడు!"

"మాట్లాడనీ. వైరు పీకగానే గోల తగ్గిందా లేదా?"

"తగ్గింది."

"అంటే బయటి గోలంతా ఇప్పటికే లోపలికొస్తోంది. ఇంకా పెంచుతావేందిరా? ఒండ్రు నీళ్ళ బోరుకి పెద్ద మోటారు బిగిస్తే నీళ్ళు తేరతాయా?"

ఎక్కువ ఫ్రీక్వెన్సీలుండే పై బ్యాండుల్లో వైరు పీకినా గోలలో తేడా రాకపోతే, అంటే ఆ గోల సెట్టుదే అయితే మాత్రం ఆయనే ప్రీయాంప్ వేసేవారు. మీరెవరైనా కొత్తగా సెట్టు కొంటే ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి. నాకు ముందే చెప్పి ఉండొచ్చు. చెప్పరు. ఆయనకు వినికిడి తక్కువ, చెవి మిషను సంగతీ అంతే. పెట్టుకోమని అక్క పోరితే, "పెట్టుకుంటే నీ మాటతోపాటు పక్కనున్న పత్తి జిన్నింగ్ మిల్లూ పెద్దగా వినపడుద్దే" అనేవారు. ఇంటిల్లిపాదీ అరిచి చచ్చేవాళ్ళం.

తుఫాను వచ్చిన ఏడు అక్క వేటపాలెంలో, సముద్రం దగ్గర, కూతురింట్లో ఉంది. ఫోన్లు చచ్చిపోయాయి. అక్కడొకాయన బ్యాటరీ సెట్టుతో కబుర్లు పంపుతున్నాడని తెలిసి పొద్దుటినుంచి వెతుకుతున్నాను. పక్క ఫ్రీక్వెన్సీలో మా పేటలోని స్టేషన్ ఒకటి బలంగా వస్తోంది. ఎటు తిప్పినా గరగరే. బావ వచ్చి ప్రీయాంప్ ఆపారు.

"ఉన్నది కూడా పోద్ది బావా!" అని మీదపడ్డాను.

నా చెయ్యి తోసేసి, రిసీవర్ పట్టు పెంచే గెయిన్ కూడా తగ్గించారు. గరగర అణిగింది. అడుగున సన్నగా ఒక గొంతు. హెడ్‌ఫోన్ తీసి నాకిచ్చారు.

"నువ్విను. నాకు వినపడదు."

నేను మా పేర్లు చెప్పి అడిగాను. కాసేపటికి జవాబొచ్చింది: "మీ అక్కగారు, అమ్మాయి, అందరూ బడిలో క్షేమమండి. బావగారు బీపీ మాత్ర వేసుకున్నారో లేదో అక్కగారు కనుక్కోమంటున్నారండి."

బావ చెవి దగ్గర నోరు పెట్టి, వీధంతా వినపడేలా ఆ కబురు రెండుసార్లు అరిచాను.

"అరవకురా. మొదటిసారే వినపడింది" అని లోపలికి వెళ్ళారు.

ఎంతకీ రాకపోతే వెళ్ళి చూశాను. ఒక అరచేతిలో మాత్ర. రెండో చేత్తో బిందె వంచుతున్నారు. గ్లాసు ఎప్పుడో నిండింది. వంటగట్టు మీదనుంచి నీళ్ళు కారి పాదాలు తడుపుతున్నా, ఆయన వంచుతూనే ఉన్నారు.