త్రుటిలో తప్పినవి చెప్పించిన తాతయ్య

ఈ నెల పన్నెండో తేదీ, గురువారం. ఉదయం తలుపు తీసేసరికి జగ్గయ్యపేటలో మా ఇంటి ముందు క్వారీవాళ్లు ఏడెనిమిదిమంది హెల్మెట్లతోనే నిలబడి ఉన్నారు. పనిబట్టల్లో వాళ్లు మా వీధికి రావడం నేనెప్పుడూ చూడలేదు. వాళ్ల క్వారీలో చేస్తున్న నా కాలేజీ ప్రాజెక్టు పని మీద వచ్చారనుకుని నవ్వాను. ముందున్న డ్రిల్లర్ బాబాయ్ హెల్మెట్ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"మీ పక్కింటి మేట్ గారు పోయారు పాపా. పొద్దున టీ తాగి, కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే."

నేను తాతయ్య అని పిలిచే ఆ మేట్ గారు వారం కిందట చందర్లపాడులో కూతురింటికి వెళ్లారు. తనకేమైనా అయితే ముందు క్వారీకి ఫోన్ చేయమని ఆవిడకి చెప్పి ఉంచారట. పక్కింట్లో ఉన్న మాకంటే ముందు వాళ్లకి తెలిసింది అందుకే. మేట్ అంటే, పని మొదలయ్యే ముందు రాతిగోడను చూసి ఇక్కడ దిగండి, అక్కడ వద్దు అని చెప్పే మనిషి. ఆయన రిటైరై చాలాకాలమైంది. కానీ ఆ చూపు మాత్రం రిటైరవలేదు.

గడ్డపలుగుతో రాయిని తట్టి చెవి పెట్టేవారు. ఖంగుమంటే మంచి రాయి. బొదబొదమంటే 'డొల్ల', అంటే లోపల విడిపోయి ఉంది, ఎప్పుడైనా ఊడి పడుతుంది. ఆ డొల్ల అన్న మాట నాకెంత నచ్చిందంటే, నోట్‌బుక్ చివరి పేజీలో రాసుకుని నాలుగుసార్లు పైకి చదువుకున్నాను.

నేను ఇంటర్ చదివేటప్పుడు ఒక మధ్యాహ్నం ఇల్లు ఊగింది. అలమరలో గ్లాసులు గలగలమన్నాయి. అమ్మ పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు. వీధిలో ఎవరూ కదల్లేదు. క్వారీలో మందు పేల్చినప్పుడల్లా మాకది మామూలే. తాతయ్య ఒక్కరే లుంగీ ఎగ్గట్టి వీధిలోకొచ్చి అరిచారు.

"సైరన్ రాలేదమ్మా! సైరన్ ఇవ్వకుండా మనోళ్లు పేల్చరు. ఇది మనది కాదు. బయటికి రండి!"

అమ్మ గరిటెతోనే వచ్చింది. "తాలింపు మాడిపోద్ది బాబాయ్ గారూ."

"మాడనీ. మళ్లీ వేసుకుందువుగాని. ముందు ఆ గోడ పక్కనుంచి ఇవతలకి రా."

ఏమీ కూలలేదు. అది చిన్న భూకంపమని తర్వాత టీవీలో చెప్పారు. అందరూ అమ్మ గరిటె గురించే నవ్వుకున్నారు. నాకు మాత్రం ఒకటి గుచ్చుకుంది: రోజూ ఊగడం అలవాటై, నిజంగా ఊగినప్పుడు మేం ఇంట్లో కూర్చుండిపోయాం. పనిచోట ప్రమాదాలు ఎలా తప్పించాలో నేర్పే ఈ చదువులోకి నేను రావడానికి కారణం ఆ మధ్యాహ్నమే.

ఇప్పుడు నందిగామ కాలేజీలో నా ప్రాజెక్టు క్వారీల్లో ప్రమాదాలు తగ్గించడం గురించి. జరిగిన ప్రమాదాలు రిజిస్టర్లో ఉంటాయి, త్రుటిలో తప్పినవి ఎక్కడా ఉండవు, అవి అడిగి రాయమన్నారు మా మేడం. చక్కగా గళ్లు గీసి ఫారం తయారుచేసుకుని క్వారీకి వెళ్లాను. పదిమందిని అడిగితే పదిమందీ ఒకటే మాట. "ఏం లేదు పాపా, అంతా బానే ఉంది."

తాతయ్యకి ఫారం చూపించి ఏడుపుమొహం పెట్టాను.

"మొదటి గడిలో ఏం రాశావ్?"

"పేరు."

"రెండోది?"

"ఏ షిఫ్టు."

"ఇంకేం, వాళ్ల ఉద్యోగం తీసెయ్యడానికి కావలసినవన్నీ ఉన్నాయి. ఇక మూడోది, ఏం జరిగిందో, ఎవడు చెప్తాడే పిచ్చిమొద్దూ?"

మర్నాడు నాతోపాటు ఆయనే బయల్దేరారు. చెప్పినవాళ్ల మీద చర్య ఉండదని ముందు మేనేజరు దగ్గర మాట తీసుకున్నారు. తర్వాత టీ వేళకి అందరి మధ్యా కూర్చుని, తన సంగతి మొదలుపెట్టారు. జి.కొండూరులో పెళ్లికి టైమైపోతోందని ఒకరోజు గోడ తట్టకుండానే దిగమన్నారట. కుర్రాళ్లు మంచినీళ్లకి ఇవతలకి వచ్చారో లేదో, వాళ్లు నిలబడ్డ చోటే బండ పడింది. "పెళ్లిలో గారెలు కూడా తిన్నా. ఎవరికీ చెప్పలా. ఇదిగో, ఇవాళ చెప్తున్నా."

డ్రిల్లర్ బాబాయ్ గొంతు సవరించుకున్నాడు. "నాదీ ఒకటుంది మేట్ గారూ."

అప్పట్నుంచి శుక్రవారం శుక్రవారం అదో ఆనవాయితీ అయింది. ఎవరు చెప్తే మొదటి గ్లాసు టీ వాళ్లకే. నేను పేర్లు రాయలేదు, జరిగింది మాత్రమే రాశాను. అలా రాస్తుంటే ముగ్గురి మాటల్లో ఒకే చోటు కనిపించింది. అన్నాలకి కూర్చునే చోటూ, లారీలు వెనక్కి వచ్చే చోటూ ఒకటే. నీడ అక్కడే ఉంది మరి! మేనేజరు గారు వేరే చోట రేకుల షెడ్డు వేయించారు. ఆ రోజు తాతయ్య షెడ్డు కింద నిలబడి పైకి చూసి, "ఇది నీ పరీక్ష పాసైనట్టే" అన్నారు. నాకు ఇంతవరకూ ఏ మార్కులూ అంత సంతోషమివ్వలేదు.

చందర్లపాడులో అంతా అయ్యాక, తిరుగు ఆటోలో డ్రిల్లర్ బాబాయ్ అన్నాడు. "ఆయనున్నారని చెప్పేవాళ్లం పాపా. రేపు శుక్రవారం. ఇక ఎవరు నోరు విప్పుతారో."

సగం రాసిన ప్రాజెక్టు ఆగిపోతుందని కాదు నా భయం. చెప్పడం మానేస్తే, మళ్లీ రిజిస్టర్లోకి ఎక్కిన ప్రమాదాలే మిగులుతాయి.

ఇంటికొచ్చాక, ఆయనక్కూడా చెప్పని నా సంగతి ఒకటి గుర్తొచ్చింది. ప్రాజెక్టు మొదటివారంలో మంచి ఫొటో కోసం, దాటొద్దని కట్టిన ఎర్ర తాడు దాటి రాతిగోడ కిందకి వెళ్లాను. నేను ఇవతలకి వచ్చాక వెనక గులకరాళ్లు జారిన చప్పుడు విన్నాను. తిరిగి చూడలేదు. ఆ ఫొటో మేడంకి బాగా నచ్చింది కూడా.

రేపు పొద్దున మొదటి బస్సుకి క్వారీకి వెళ్తాను. టీ వేళకి వాళ్లందరి మధ్యా కూర్చుని, ఇది చెప్తాను. చెప్పాక, ఎంతసేపైనా సరే, ఊరుకుని వింటాను.