దున్నకుండా వదిలిన చోటు

నాయన సమాధి ఉన్న చేనును, సమాధి లేని చేను ధరకు అమ్మిన ఘనత మా కదిరి బజారులో నా ఒక్కదానిదే. కొనేవాడు సమాధిని చూపించి ధర తగ్గించమన్నాడు. దాన్ని తీసేస్తాను గానీ పైసా తగ్గనన్నాను. బేరం కుదిరింది. పక్క అంగళ్లవాళ్లు మెచ్చుకుంటే కాదనలేదు కూడా.

ముందే చెబుతున్నాను, నేను దయ్యాలను నమ్మే మనిషిని కాదు. మాది అంగళ్ల కుటుంబం. అరువు తీసుకుపోయిన బతికున్నవాళ్లే మళ్లీ మావైపు రారు, చచ్చినవాళ్లు ఎందుకొస్తారు అనుకునేదాన్ని. ఇప్పటికీ దాదాపు అంతే.

నాయన పల్లెలో చిల్లర అంగడి నడిపేవాడు. మాలో పూడ్చడమే ఆచారం. ఆయన్ను మా మెట్ట చేనులోనే పూడ్చి, పైన బండలు పరిచాము. అమ్మ నా దగ్గర కదిరిలో ఉంటుంది. ప్రతి అమావాస్యకూ ఫ్లాస్కులో టీ పోసుకొని, బస్సెక్కి ఆ చేనికి పోయేది. ఒక గ్లాసు సమాధి మీద పోసి, ఒకటి తను తాగి, ఊళ్లో సంగతులన్నీ ఆయనకు చెప్పి వచ్చేది.

చేను అమ్మినాక ఆ బండలూ, కొత్త గుడ్డలో కొంచెం సమాధి మట్టీ కదిరి శ్మశానానికి తెచ్చాను. పెద్దలను అడిగే చేశాను. ఇంటి నుంచి నడిచిపోయే దూరం. అమ్మకు బస్సు బాధ తప్పింది కదా అని, దాన్ని కూడా నా లాభంలోనే వేసుకున్నాను.

అమ్మ ఒక్కసారి వచ్చింది. గేటు దగ్గరే నిలబడి చూసి, "ఈడ లేడు మే" అని వెనక్కి తిరిగింది. గొడవ పెట్టుకోలేదు, ఏడవలేదు. ఫ్లాస్కు అటక మీద పెట్టేసింది. తిండి తగ్గించింది. డాక్టరు అన్ని పరీక్షలూ చేసి ఏమీ లేదన్నాడు. రవికెలు మాత్రం వదులైపోతూనే ఉన్నాయి. అప్పుడు భయం వేసింది నాకు.

వాన పడినాక ఒక పొద్దున, ఆ చేను చూడాలని పట్టుబట్టింది. తీసుకుపోయాను.

అప్పటికే దుక్కి అయిపోయింది. ఎర్రటి చాళ్ల నడుమ, ఒక మనిషి పడుకునేంత మేర మాత్రం దున్నకుండా ఉంది. అక్కడ బండ లేదు, గుర్తు లేదు. నేనే దగ్గరుండి చదును చేయించాను. అమ్మ నేరుగా పోయి దాని పక్కన కూర్చుంది.

కొన్నవాడు గట్టును కూడా గీకి దున్నుకునే రకం. వదలమని చెప్పి ఉండడు. ట్రాక్టరు డ్రైవరు పక్క చేనులోనే కనిపిస్తే పోయి అడిగాను. బాగేపల్లి వైపు నుంచి కొత్తగా వచ్చిన మనిషి. తనకెవరూ ఏమీ చెప్పలేదన్నాడు.

"ఎవరో పెద్దాయన పండుకోని ఉండ్య అక్కా. హారన్ కొడితి, లేయలే. పోనీలే అని చుట్టూ తిప్పుకుంటి. పనయినాక చూస్తే లేడు. అంత ముక్కకు మళ్లా బండి తిప్పేదెందుకని వదిలేస్తి."

గొర్రెలు మేపేవాడు అయ్యుంటాడని నేనే అన్నాను.

"ఏమో అక్కా. ఒక కాలు పైకెత్తుకోని ఉండ్య, మూట మీద పెట్టుకున్నట్ల. ఆడ మూటే లేదు. నిద్దర్లో కాలు గాల్లో ఎట్ల నిలిపినాడో అని నవ్వుకుంటి."

నేను నవ్వలేదు. నాయన మధ్యాహ్నం అంగట్లో కింద పడుకుంటే, ఒక కాలు బియ్యం మూట మీద వేసేవాడు. ఎవరైనా మూట కదిపితే మెలకువ రావాలని. పల్లెలో పాతవాళ్లకు ఈ సంగతి తెలుసు, కాదనను. ఎవరైనా చెప్పారేమోనని తిప్పి తిప్పి అడిగాను. పల్లెలో మాకొక అంగడి ఉండేదన్న సంగతే అతనికి తెలియదు.

తిరిగొచ్చి అమ్మ పక్కన కూర్చున్నాను. డ్రైవరు మాట చెప్పలేదు. మట్టి దగ్గరికి ఇంత దూరం వస్తే ఏమొస్తుందమ్మా అని మాత్రం అడిగాను.

"అంగడి తెరుచుకోని కూచున్నోని కాడికి ఒక్కరన్నా రాకుంటే ఎట్లుంటాదో నీకు తెల్దా మే" అంది.

తెలుసు. బోణీ కాని రోజులు నేనూ చూశాను.

ఆ చోటూ, దానికి దారీ మళ్లీ కొన్నాను. అలవాటు పోదు కాబట్టి బేరమాడాను. అతను కూడా నా దగ్గరే నేర్చుకున్నట్టు పైసా తగ్గలేదు.

లెక్క దాచను. సమాధి ఉందని మొదట అతను తగ్గించమన్న దానికంటే, దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి నేను పెట్టిందే ఎక్కువ. బండలు రానూ పోనూ మోసిన బాడుగ వేరే. అమావాస్య వస్తే ఇద్దరికీ బస్సు, ఫ్లాస్కు టీ, ఒక పూట మూసిన అంగడి. జమ వైపు చూస్తే, అమ్మ రెండు పూటలా అన్నం తింటోంది. గాల్లో నిలిచిన ఆ కాలిని ఎటు రాయాలో మాత్రం నాకు ఈ రోజుకీ తెలియదు.