తన పేరున్న ఓడలో వంటవాడు

గరిటె మామ చచ్చిపోయి గొప్పవాడయ్యాడు. చచ్చిపోలేదన్నదొక్కటే ఆ కథలో లోటు.

అప్పట్లో ఆయన ఓ పాత యుద్ధనౌకలో కుర్ర వంటవాడు. ఓ పొద్దున బంగాళాదుంప తొక్కలు సముద్రంలో పారబోయబోయి, తొక్కలతోపాటు తనూ పడ్డాడు. సరిగ్గా ఆ పూటే ఇంజను గదిలో మంట లేచి, దానంతట అదే ఆరిపోయింది. ఎవరార్పారా అని చూసుకుంటే అందరూ ఉన్నారు, వంటవాడు లేడు. ఇంకేముంది, ఓడను కాపాడి ప్రాణమిచ్చిన వీరుడు దొరికాడు. ఆ వీరుణ్ని ఎక్కడో దూరంగా చేపల పడవవాళ్ళు పైకి లాగారు. నెలల తరబడి సాగే వేట ముగిస్తే గాని ఒడ్డుకు రామన్నారు. ఆయన తిరిగొచ్చేసరికి ఇంట్లో ఆడపిల్ల పుట్టింది, రేవులో డిస్ట్రాయర్ అనే కొత్త యుద్ధనౌక నీళ్ళలోకి దిగింది. దాని మీద నిలువెత్తు అక్షరాల్లో ఆయన పేరు!

పరుగున వెళ్ళి పెద్దాఫీసరు ముందు నిలబడ్డాడు. "అయ్యా, నేను బతికే ఉన్నాను."

ఆఫీసరు లేచి తలుపు మూసొచ్చాడు. "ఎంత పని చేశావయ్యా! పోయినవాళ్ళ పేరే ఓడకి పెట్టాలని రూలు. పెట్టాక మారిస్తే అరిష్టమని కుర్రాళ్ళు ఓడెక్కరు. అయినా శుభ్రంగా చచ్చిపోయావు, ఊరంతా గౌరవిస్తోంది. ఇప్పుడు బతికి ఏం ఉద్ధరిస్తావు?"

"మరి నా పేరండీ?"

"ఓడ సేవ ముగిసిన రోజున నీకిచ్చేస్తాం. అందాకా నువ్వు చచ్చిపోయినాయన తమ్ముడివి."

భార్యకు పింఛను, ఉండటానికి క్వార్టరు, ఆయనకు ఆ కొత్త ఓడలోనే వంటపని. నోట్లో నాలుక లేని మనిషి, తలూపి వచ్చేశాడు. "కట్టుకున్నవాణ్ణి మరిదని చెప్పుకోవాలా?" అని భార్య నెత్తి కొట్టుకుంది.

పాప సంగతి ఆయన ముందు ఆలోచించలేదు. మాటలొచ్చాక ఇంట్లో 'నాన్నా' అనేది, గడప దాటితే 'చిన్నాన్నా' అనేది. బడి గేటు దగ్గర ఆ పిలుపు విన్నప్పుడల్లా ఆయనకు ప్రాణం చివుక్కుమనేది. పేరు పోతే పోయింది, బిడ్డ నలుగురిలో నాన్నా అంటే చాలనుకునేవాడు. అందుకు ఓడ ముసలిదవ్వాలి. ఓడేమో గుండ్రాయిలా ఉంది.

భోజనాల హాల్లో ఆయన కుర్రతనపు ఫొటో వేలాడేది. కొత్తగా చేరిన ప్రతివాడూ ఫొటోకి సెల్యూట్ కొట్టి, ఇటు తిరిగి, "గరిటె మామా, సూపులో ఉప్పెక్కువైంది. మీ అన్న చూస్తే ఏమనుకుంటాడు?" అని దులిపేసేవాడు.

ఓసారి ఓడ రేవు గట్టును గుద్దింది. పేపర్లో పేరుతో సహా పడింది. సెలవుకి ఇంటికెళితే భార్య గుమ్మంలోనే అందుకుంది.

"గట్టును గుద్దావట, కళ్ళు నెత్తికెక్కాయా?"

"నేను ఉల్లిపాయలు తరుగుతున్నానే!"

"అడుగంతా తుప్పు పట్టిందని కూడా రాశారు."

ఆయన ఎందుకైనా మంచిదని నడుం తడుముకున్నాడు.

ఓడ ఓ యుద్ధానికీ బయల్దేరింది. దారిలో ఇంజను మొరాయించి, చేరేసరికి రాజీ కుదిరింది. చేరినందుకే పతకమిచ్చి ఫొటోకి తగిలించారు. తుఫానులో మునిగిపోతున్న పడవలోంచి జనాన్ని ఎక్కించుకున్నప్పుడు మాత్రం నిజంగా పనికొచ్చింది. ఓ ముసలమ్మ ఆ ఫొటోకి చేతులు జోడించి, "నీ పేరు చెప్పుకుని బతుకుతాం నాయనా" అని ఏడ్చింది. గరిటె మామ ఇచ్చిన సూపు తాగి, ఉప్పెక్కువైందంది.

ఓడ రంగు పెచ్చులూడితే ఆయన లోలోపల మురిసిపోయేవాడు. ఎవడైనా దాన్ని డొక్కు అంటే మాత్రం గరిటెత్తుకుని మీదికెళ్ళేవాడు. అదేం మనిషో మరి!

ఎట్టకేలకు ఓడకు విశ్రాంతినిచ్చే రోజు వచ్చింది. మాటిచ్చిన ఆఫీసరు ఎప్పుడో పోయాడు, ఆయన పేరు ఏ ఓడకూ పెట్టలేదు. కొత్తాఫీసరు ముందురోజే భుజం తట్టి, "రేపటితో నీ పేరు నీదే" అన్నాడు. నర్సుగా పనిచేస్తున్న కూతురు వీరుడి బిడ్డగా జెండా దించింది. గరిటె మామ ఇస్త్రీ చొక్కా మీద ఏప్రన్ కట్టుకుని, వెనక టీ డ్రమ్ము దగ్గర నిలబడ్డాడు.

ఆఫీసరుకి చప్పట్లు తలకెక్కాయి. "ఇంత గొప్ప పేరు వృథా పోనిస్తామా? రేవులో కడుతున్న కొత్త డిస్ట్రాయర్‌కీ ఇదే పేరు!"

గరిటె మామ చేతిలో గ్లాసు జారిపోయింది. ఇంకో ఓడ ముసలిదయ్యేదాకా తనెక్కడుంటాడు? కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

కూతుర్ని రెండు మాటలు మాట్లాడమన్నారు. ఆమె రాసుకొచ్చిన కాగితం మడిచేసింది. వెనక్కి, టీ డ్రమ్ము వైపు చూసి, మైకులో గట్టిగా "నాన్నా!" అంది.

అందరూ ఓడ వైపు తిరిగారు. టోపీలు తీశారు. బ్యాండువాడొకడు వెక్కివెక్కి ఏడ్చాడు.

"ఆఁ, వస్తున్నానమ్మా!" అన్నాడు గరిటె మామ.

ఏప్రన్‌తోనే కుర్చీల మధ్య నడిచొచ్చాడు. కాపలావాడు అడ్డం నిలబడి, "ముందు వరస వీరుడి కుటుంబానికే మామా" అన్నాడు.

"రానివ్వండి, మా నాన్న" అంది కూతురు, మైకులోనే.

ఆఫీసరు ఓసారి ఫొటోని, ఓసారి వంటవాణ్ణి చూశాడు. కక్కలేక మింగలేక, "పోలికలు బాగా ఉన్నాయి" అని గొణిగాడు.

భార్య పక్క కుర్చీలో సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. "ఇన్నాళ్ళకి ఆ మరిది పీడ విరగడైంది. కూర్చో."

"నాన్నా" అని కూతురు మళ్ళీ పిలిచింది. పనేం లేదు, ఊరికే.

"ఆఁ" అన్నాడాయన.