కాలవ మీది వంటిల్లు

మా టీచరుగారు పోయారని బందరు నుంచి వాళ్ళ తమ్ముడు ఫోన్ చేశారు. పొద్దున్నే, నేను దిల్‌సుఖ్‌నగర్‌లో నా డీటీపీ షాపు తెరుస్తున్నాను. "అక్క నిద్రలోనే పోయిందమ్మా. నీ నంబరు తన పుస్తకంలో దొరికింది," అన్నారాయన. ఆ అక్కాతమ్ముళ్ళ మధ్య మూడేళ్ళుగా మాటల్లేవు. వాళ్ళ మాటలు తెగిపోయింది నా షాపులోనే, నా కళ్ళ ముందే. అందుకే ఆయన ఫోన్ పెట్టేశాక కూడా షట్టరు సగం ఎత్తి అలాగే నిలబడిపోయాను.

ఆమె మాకు బడిలో సోషల్ చెప్పారు. బందరు మనిషి. పెళ్ళి చేసుకోలేదు. మూసారాంబాగ్‌లో ఒక గదిలో అద్దెకుండేవారు. గట్టి వాన పడితే సాయంత్రం మూసీ వంతెన దాకా నడిచి వెళ్ళి, నీళ్ళు ఎందాకా వచ్చాయో చూసి, మర్నాడు బోర్డు మీద గీత గీసేవారు. ఎవరి ఇల్లు ఎక్కడుందో మమ్మల్నే చుక్క పెట్టమనేవారు. నా చుక్క గీతకి కింద పడింది. పిల్లలు నవ్వారు, నేనూ నవ్వాను. ఆమె నవ్వలేదు. "ఇవాళ ఇంటికెళ్ళగానే పుస్తకాలు అటకెక్కించు," అన్నారు. ఆ వారంలోనే నీళ్ళొచ్చాయి. నల్గొండ నుంచి మూటలతో వచ్చిన మా ఇంట్లో ఆరోజు తడవకుండా మిగిలినవి నా పుస్తకాలే.

రిటైరయ్యాక ఆమె బందరులో వాళ్ళ నాన్నగారి ఇంటికి, తమ్ముడి పక్క వాటాలోకి వెళ్ళిపోయారు. ఓటు ఎప్పుడూ అక్కడే ఉంచుకున్నారు. కొన్నాళ్ళకి, కార్పొరేటరుగా స్వతంత్రంగా నిలబడుతున్నాను, కరపత్రం నువ్వే వెయ్యాలి అంటూ షాపుకొచ్చారు. కట్టలు మొయ్యడానికి తమ్ముణ్ణి వెంట తెచ్చుకున్నారు.

"బందరుల ప్రెస్సులు లేవా మేడం?" అన్నాను.

"ఉన్నాయి. అక్కడిస్తే అచ్చవకముందే ఊరంతా చదివేస్తుంది."

తమ్ముడు టీ తాగడానికి వెళ్ళినప్పుడు ఆమె చెబుతూ ఉంటే నేను టైపు చేశాను. గెలిస్తే చేయాల్సిన పనులు. మొదటిది, సముద్రానికి పోయే కాలవ మీద కట్టిన గదులు, గోడలు తీయించడం, పోటు వేళ ఉప్పునీళ్ళు ఊళ్ళోకి ఎదురు రాకుండా కాలవ చివర తలుపులు పెట్టించడం. గది పోయేవాళ్ళకి ముందుగానే వేరే జాగా చూపించాలని కూడా రాయించారు. ఆ తర్వాతే చేపలమ్మే ఆడవాళ్ళకి నీడ, కుళాయి, మరుగుదొడ్డి. రోజూ తాగునీళ్ళు. మడ చెట్లలో చెత్త పోయకుండా ఆపడం.

"మేడం, బీచ్ పార్కు కట్టిస్తమని పైన పెద్దగ పెడ్దామా? అందరు ముందుగాల గదే చూస్తరు."

"ఇంట్లో మోకాలి లోతు నీళ్ళు నిలిస్తే పార్కుకి ఎవరెళ్తారమ్మాయ్?"

ప్రూఫ్ తీసి బల్ల మీద పెట్టాను. అప్పుడే తమ్ముడు లోపలికొచ్చి అది తీసుకుని చదివారు. మొదటి పేరా రెండోసారి చదివారు.

"అక్కా, ఈ లైను తీసెయ్."

"అది మొదటి లైనురా."

"అందుకే తియ్యమంటున్నాను. మన వీధిలో సగం ఇళ్ళ వెనక గదులు కాలవ మీదే ఉన్నాయి. నాన్న కట్టిన వంటిల్లు దేనిమీదుంది?"

"కాలవ మీదే. అందులో సగం నాది. ముందు నాదే పోతుంది."

"నీకేం, ఒక్కదానివి. నా సంసారం ఎక్కడికి పోవాలి?" ఆయన గొంతు పెంచలేదు. కాగితం మడిచి నా బల్ల మీద పెట్టారు. "ఇది అచ్చేయిస్తే నేను నీకు ఎదురు తిరుగుతాను. ఇంటింటికీ వెళ్ళి నీకు ఓటు వెయ్యొద్దని చెబుతాను."

"చెప్పు. ఎందుకు వెయ్యకూడదో కూడా చెప్పు. అప్పుడైనా నలుగురూ కాలవ గురించి మాట్లాడతారు."

ఆయన నావైపు తిరిగారు. "అమ్మా, నువ్వైనా ఆపు."

నా వేలు మీట మీద ఉంది. టీచరుగారు నన్ను చూడలేదు, గోడకేసి చూస్తున్నారు. "ప్రింటు తియ్యమ్మా," అన్నారు. తీశాను. ఆయన వెళ్ళిపోయారు. ఆమె మంచినీళ్ళడిగి, గ్లాసు ఖాళీ చేశారు. "భయమేసిందే," అన్నారు. అంతకుముందు ఆమె నోట ఆ మాట నేను వినలేదు.

కట్టలు మోసుకుని ఆమెతో నేనే వెళ్ళాను. బందరులో రెండు రోజులు తిరిగాం. సొంత వీధిలో తలుపులు తియ్యలేదు. ఒకాయన కరపత్రాన్ని నాలుగు ముక్కలు చేసి ఆమె కాళ్ళ దగ్గరే వేశాడు. ఆమె వంగి ఏరుకున్నారు. "కాలవలో పడితే మళ్ళీ అడ్డమే," అన్నారు. తమ్ముడు అన్నంత పనీ చేశారు. ఆమె ఓడిపోయారు.

నేను మీకు చెప్పాలనుకున్నది ఆ తర్వాత జరిగింది. ఓడిన నెలలోనే ఆమె కూలీలను పిలిపించి వంటింట్లో తన సగం పడగొట్టించారు. పొయ్యి ముందుగదిలోకి మార్చుకున్నారు. తమ్ముడి సగం అలాగే ఉంది కాబట్టి నీళ్ళు దాని గోడ దగ్గరే ఆగిపోయేవి. "ఎందుకు మేడం? ఓడిపోయిన్రు గదా," అని ఫోన్లో అడిగాను. "నేను ఓట్ల కోసం రాయలేదే," అన్నారు. ఆ మాట నాకు గుచ్చుకుంది. పార్కు పైన పెట్టమన్నది నేనే కదా.

ఎల్బీనగర్‌లో బస్సెక్కి మధ్యాహ్నం మూడు దాటాక చేరాను. ముందురోజంతా వాన. వీధిలో చీలమండల దాకా నీళ్ళు. పాడె మోసినవాళ్ళు ఆ నీళ్ళలోనే నడిచారు. కరపత్రం చింపినాయన కూడా ఒక కొమ్ము పట్టాడు.

శ్మశానం నుంచి వచ్చాక తమ్ముడు నన్ను పెరట్లోకి పిలిచారు. తడిబట్టలతోనే ఉన్నారు. తన వంటింటి గోడ అడుగున ఇటుకలు ఊడదీసి ఉన్నాయి. పలుగు పక్కనే పడి ఉంది.

"పొద్దున నీకు ఫోన్ చేశాక తీశానమ్మా. అక్కని ఈ నీళ్ళలోంచి తీసుకెళ్ళాలంటే..." ఆయన ఊడిన ఇటుకను కాలితో పక్కకి నెట్టారు. "నాలుగే వచ్చాయి. గోడంతా తీసే ధైర్యం నాకింకా లేదు."

పోటు తగ్గుతోంది. వీధిలో రాలిన బంతిరేకలు ఆమె తెరిచిన కాలవలోకి చేరి, గోడ దగ్గర కాసేపు తిరిగి, ఆ నాలుగిటుకల సందులోంచి ఒక్కొక్కటే సముద్రం వైపు వెళ్ళిపోతున్నాయి.