సత్తెక్క లాఠీ కింద పెట్టిన రోజు

నిన్న పొద్దున దీపం పెడుతుంటే ఫోన్ మోగింది. పూజ మధ్యలో నేను ఫోన్ ఎత్తను. ఎందుకో ఎత్తాను.

సత్తెక్క కూతురు లలిత.

"చిన్నమ్మా, అమ్మ లేస్తలేదు. ఎంత పిల్చినా లేస్తలేదు."

బోరబండకు ఆటోలో పోతున్నంతసేపూ స్వామికి ఒకటే మాట చెప్పుకున్నాను. నేను వెళ్లేసరికి ఆమె లేచి కూర్చుని ఉండాలి అని.

వెళ్లేసరికి ఇంటి ముందు చాలా చెప్పులున్నాయి. అర్థమైపోయింది.

నిద్రలోనే గుండె ఆగిందట.

మీలో కొందరికి ఆమె తెలియదు. మాది కడప జిల్లా. పదో తరగతి చదివాను. పెళ్లయ్యాక మూసాపేట వచ్చి, హైటెక్ సిటీలో ఒక ఆఫీసులో హౌస్‌కీపింగ్‌లో చేరాను. ఆ ఆఫీసు గేట్ దగ్గర సత్తెక్క సెక్యూరిటీ గార్డ్. మెదక్ వైపు మనిషి.

వాళ్ల నాన్న ఊళ్లో కర్రసాము నేర్పేవాడు. ఇద్దరు కొడుకులూ వద్దంటే, ఏడేళ్ల కూతురి చేతికి కర్ర ఇచ్చాడట. పీర్ల పండుగకు ఊరంతా చూస్తుండగా తిప్పేదట. పెళ్లయ్యాక వాళ్ల అత్త ఆ కర్రను బట్టలు ఆరేసుకోవడానికి కట్టేసిందని చెప్పి నవ్వేది.

కానీ సాము ఆమెను వదల్లేదు. రోజూ డ్యూటీకి ముందు డాబా మీద అరగంట తిప్పేది. లిఫ్ట్ ఎక్కినా వీపు గోడకు ఆనించి నిలబడేది. కొత్తవాళ్లు వస్తే ముఖం కంటే ముందు పాదాలు చూసేది.

"కొట్టేటోడు ముందుగాల కాలు సరిజేస్కుంటడు. గదే చూస్కోవాలె" అనేది.

నేనేమో బల్లి అరిచినా ఉలిక్కిపడే మనిషిని.

"మీ కడపల బాంబులేస్తరంట గద. గింత పిరికిదానివి ఆడ ఎట్ల బతికినవే?"

అవి తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. సత్తెక్క ఉద్యమంలోనే ఉండేది. షిఫ్ట్ అయ్యాక దీక్ష టెంట్‌లో కూర్చునేది. నన్ను మాత్రం ఏనాడూ ఆంధ్రదానివని ఒక్క మాట అనలేదు.

అయినా నాకు భయం. నా యాస ఎక్కడ బయటపడుతుందోనని బస్సులో "మూసాపేట" అని ఒక్క ముక్క చెప్పి నోరు మూసుకునేదాన్ని.

మా ఆయన క్యాబ్ నడిపేవారు. బండి నంబర్ ఏపీ 04. అది కడప నంబరని అందరికీ తెలుసు. ఆ భయంతో నేనొక పని చేశాను. ముందు అద్దం మీద, వేంకటేశ్వరస్వామి బొమ్మ పక్కన, జై తెలంగాణ స్టిక్కర్ అంటించాను. అదే రక్ష అనుకున్నాను.

ఒక బంద్ రోజు మధ్యాహ్నం ఆయన నన్ను తీసుకుపోవడానికి వచ్చారు. నేను గేట్ దగ్గర సత్తెక్క పక్కనే నిలబడి ఉన్నాను. గేట్‌కు కొంచెం దూరంలో పది పన్నెండు మంది బండి ఆపారు. చేతుల్లో కర్రలు.

స్టిక్కర్ చూసి వదిలేయబోయారు. అంతలో ఒక యువకుడు నంబర్ చూశాడు.

"కడప బండికి మన స్టిక్కరా? మమ్ముల పిచ్చోళ్లనుకున్నవా? దిగు."

నేను పెట్టిన స్టిక్కరే ఆయన ప్రాణం మీదికి తెచ్చింది. ఆయన దిగగానే ఆ యువకుడు కర్ర ఎత్తాడు.

సత్తెక్క చెయ్యి పట్టుకున్నాను. "అక్కా, మా ఆయన్ని కొడతాండారు" అన్నాను.

"నువ్వు ఈడనే ఉండు. నోరు తెరువకు."

లాఠీ పట్టుకుని గేట్ దాటింది. ఈమె దాన్ని తిప్పిందంటే తలలు పగులుతాయి. తర్వాత మమ్మల్ని ఎవరూ వదలరు. ఆ భయంతో కళ్లు మూసుకోబోయాను.

ఆమె ఆగింది. లాఠీని రోడ్డు మీద పడుకోబెట్టింది. వంగి దాన్ని తాకి కళ్లకు అద్దుకుంది. వట్టి చేతులతో నేరుగా ఆ యువకుడి దగ్గరికి వెళ్లి, ఛాతీకి జానెడు దూరంలో నిలబడింది.

"జరుగక్కా. నువ్వు మనోళ్ల మనిషివి. టెంట్ల రోజు కూసుంటవ్ గద."

"కూసుంట. రేపు గూడ కూసుంట. గీయన నా చెల్లె పెనిమిటి. స్టిక్కర్ పెట్టింది గా పిరికిది, గీయన గాదు. కొట్టాల్నంటే ముందుగాల నన్ను కొట్టు."

వెనకనుంచి ఎవరో నవ్వారు. ఇంకొకరూ నవ్వారు. ఎత్తిన కర్ర మెల్లగా దిగింది. స్టిక్కర్ గోటితో పీకేసి, "పో అన్నా" అన్నారు.

సత్తెక్క లోపలికి వచ్చి కుర్చీలో కూలబడింది. నీళ్ల బాటిల్ మూత తీయలేకపోతే నేను తీసి ఇచ్చాను.

"నీకూ భయమైందా అక్కా?"

"మస్తు భయమైంది. అందరు ఊకె నిలబడ్డరు, వాడొక్కడే కాలు సరిజేస్కున్నడు. జాగ ఉంటెనే కర్ర తగుల్తది. మీదికి పోతె ఆడించనీకి జాగ ఉండది. గట్ల పోవాల్నంటెనే ఎక్కువ భయం. భయం లేనోనికి మా బాపు కర్ర ఇయ్యకపోతుండె."

ఇన్నేళ్లూ నా భయాలన్నీ ఫోన్‌లో ఆమెకే చెప్పుకున్నాను. ఈ పొద్దున లేచేసరికి మళ్లీ గుండె దడగా ఉంది. ఎవరికి చెప్పాలో తెలియలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నిన్న సాయంత్రం పాడెకు ఒక పక్క మా ఆయన భుజం ఇచ్చారు. ఆ మనిషి నాకు మిగిలి ఉన్నాడంటే సత్తెక్క వల్లే. ఆయన భుజం మీదే ఆమె వెళ్లిపోయింది.

వెళ్లిరా అక్కా. నీకు ఏ భయమూ లేని చోట స్వామి నిన్ను చల్లగా ఉంచాలి.