రికార్డుకెక్కని వీపు

మా ఆయన దవడ రెండు చోట్ల విరిగింది. పై పళ్ళనీ కింది పళ్ళనీ కలిపి తీగెతో బిగించేశారు. ఆరు వారాలు నోరు తెరవడానికి లేదు. చారైనా రాగిజావైనా స్ట్రాతోనే. వాంతి వస్తే ఊపిరాడక చనిపోవచ్చట, అలాంటప్పుడు తీగె తెంచడానికి చిన్న కటింగ్ ప్లేయరు ఒకటి ఇచ్చి పంపారు ఆస్పత్రివాళ్ళు. ఆ ఆరు వారాలూ అది నా స్వెటర్ జేబులోనే ఉంది.

ఎనభైల చివర, న్యూజెర్సీలో మేమున్న ఊళ్ళో మనవాళ్ళ మీద రాళ్ళు పడుతున్న రోజులవి. ముందు కిటికీలు, తర్వాత కారు అద్దాలు, ఆ తర్వాత మనుషులు. సాయంత్రం రైలు దిగి పార్కింగ్ లాట్‌లోకి నడుస్తుంటే నలుగురు బేస్‌బాల్ బ్యాటుతో మా ఆయన మీద పడ్డారు. ఎడమ భుజం దగ్గర ఎముక, రెండు పక్కటెముకలు, దవడ విరిగాయి. పోలీసులు రాసిన కాగితంలో మాత్రం ‘పరస్పర ఘర్షణ’ అని ఉంది. పరస్పరమైతే కేసు లేదు. ఒళ్ళు తుడిచేటప్పుడు నేను దెబ్బలు లెక్కపెట్టాను, ఏడు. వాటిలో ఏది ముందు, ఏది వెనక అని అడిగితే మా ఆయన ప్యాడ్ మీద రాసి చూపించారు. ఏడు దెబ్బల్లో పరస్పరం ఎక్కడుందో చూపించమని స్టేషన్‌కి వెళ్ళి అడిగాను. కౌంటర్ దగ్గరున్న మనిషి, ఆయన్నే వచ్చి నోటితో చెప్పమన్నాడు.

టౌన్ కౌన్సిల్ మీటింగ్‌కి వెళ్ళమని ఎవరో సలహా ఇచ్చారు. అక్కడ అన్నది మినిట్స్‌లోకి ఎక్కుతుంది, ఎక్కితే పోలీసులు జవాబు చెప్పాలి. మా ఆయన ప్యాడ్ మీద ‘వద్దు’ అని పెద్ద అక్షరాలతో రాశారు. దాని కింద ‘సిటిజెన్‌షిప్ ఇంటర్వ్యూ’ అని రాసి రెండు గీతలు గీశారు.

“మీరు మాట్లాడక్కర్లేదు. అక్కడికొచ్చి చొక్కా విప్పి నిలబడండి చాలు. ఆ డొక్కలు చూస్తే వాళ్ళకే తెలుస్తుంది” అన్నాను.

సోఫాలో పేపరు చదువుతున్న మా మావగారు కళ్ళజోడు తీశారు. “చొక్కా విప్పితే లాభం లేదమ్మాయ్. అదీ చూశాన్నేను.”

ఆయనకు అప్పటికి ఎనభై దగ్గర. కొడుకు దగ్గర ఆరు నెలలు ఉండి వెళదామని వచ్చారు. తెల్లవాళ్ళ హయాంలో ఆయన శాసనమండలిలో షార్ట్‌హ్యాండ్ రిపోర్టరు. అధ్యక్షుడి పీఠం కింద బల్ల దగ్గర కూర్చుని, సభ్యులన్న ప్రతి మాటా గీతల్లోకి దించాలి. ఒక్కో రిపోర్టరుకీ పది నిమిషాల వంతు. మాట జారిపోతుందని తలెత్తి చూడనిచ్చేవారు కాదట.

“మన వైపే ఒక టౌన్లో విదేశీ బట్టల కొట్టు ముందు పికెటింగ్ చేస్తున్నవాళ్ళ మీద లాఠీచార్జి చేశారు. దాని మీద సభలో ప్రశ్న వచ్చింది. స్వల్పంగా బలం వాడవలసి వచ్చింది, చెప్పుకోదగ్గ గాయాలు ఎవరికీ లేవు అని సర్కారు తరఫున దొర జవాబు చదివాడు. అప్పుడొక సభ్యుడు లేచాడు. వకీలు. ఆ రోజు ఆ జనంలో ఉన్నవాడే. నోరు మెదపలేదు. కోటు విప్పాడు, చొక్కా విప్పాడు. చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది. లాగుతుంటే తడిసిన అట్ట చింపినట్టు చప్పుడు. వెనక్కి తిరిగి నిలబడ్డాడు.”

“మీరు చూశారా?”

“ఉద్యోగంలో ఆ ఒక్కసారే తలెత్తాను. మెడ నుంచి నడుం దాకా వాతలు. రెండు వాతలు కలిసిన చోట తోలే లేదు. రసి కారుతోంది.”

“అధ్యక్షుడేమన్నాడు?”

“అధ్యక్షస్థానానికి వీపు చూపించడం సభామర్యాద కాదు, గౌరవ సభ్యుడు కూర్చోవాలి అన్నాడు.”

నాకు నవ్వొచ్చింది. రాకూడదు, వచ్చింది. మా ఆయన తీగెల వెనక నుంచి ఏదో చప్పుడు చేశారు. అది నవ్వో నొప్పో నాకు తెలియలేదు.

“మరి మీరేం రాశారు మావయ్యగారూ?”

“ఏం రాస్తాను? నోటితో అన్నదే రాయాలి. అధ్యక్షుడన్న ముక్క రాశాను. ఇవాళ ఆ పుస్తకం తీసి చూస్తే ఒక సభ్యుడు మర్యాద తప్పాడని ఉంటుంది. వీపు ఉండదు. ఏ సభైనా అంతే. చూపిస్తే రికార్డుకెక్కదు. ఒక్కో దెబ్బా నోటితో అనాలి. వాడి నోరు కట్టేశారు కాబట్టి నువ్వనాలి.”

వాదించడం నాకు కొత్త కాదు. నా నోటి సంగతి మా పుట్టింట్లో కూడా ఒప్పుకుంటారు. రెండు పేజీల ఉపన్యాసం రాసి తెచ్చాను. ఆయన పెన్సిలు తీసుకుని సగం కొట్టేశారు. సిగ్గులేని పోలీసులు పోయింది. జాతి దురహంకారం పోయింది.

“పిరికి వెధవలన్నదైనా ఉంచండి. నిజమే కదా.”

“నిజమే. ఆ నిజం కోసమే మైకు కట్టేస్తారు. తిట్టు కొట్టేయగలరమ్మాయ్, లెక్క కొట్టేయలేరు. ఏ భుజం, ఎన్నో దెబ్బ, నిలబడి ఉండగానా పడిపోయాకా, అంతే. ఇదేమిటి, ‘ఆయన చెయ్యి కూడా ఎత్తలేదు’ అని? నువ్వు చూశావా?”

“చూడాలా? ఇరవై ఏళ్ళ కాపురం. ఆయన సంగతి నాకు తెలీదూ?”

“చూడంది అనకు” అని అదీ కొట్టేశారు. మా ఆయన గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నారు.

కౌన్సిల్ హాల్లో ఎత్తుగా వేసిన బల్ల వెనక ఏడుగురు సభ్యులు, మధ్యలో మేయరు, పక్కన రాసుకునే క్లర్కు ఉన్నారు. ఊళ్ళోవాళ్ళకు తలా మూడు నిమిషాలు. కుక్కల గురించి ఒకాయన, చెత్తబండి గురించి ఒకావిడ మాట్లాడాక నన్ను పిలిచారు.

“మొదటి దెబ్బ వెనక నుంచి, ఎడమ భుజం మీద. ఎముక విరిగింది. రెండోది అదే భుజం మీద, విరిగినచోటే” అని మొదలుపెట్టాను. మూడోది మోచేతి మీద. నాలుగోది డొక్కలో, ఆ దెబ్బకి కింద పడ్డారు. వెనక వరసలోంచి ఎవడో మీ దేశం పొమ్మని అరిచాడు. నేను తిరగలేదు. మేయరు మైకు దగ్గరికి వంగి, ఈ వివరాలు వినడానికి చాలామందికి ఇబ్బందిగా ఉంటుంది అన్నాడు.

“ఇంకా మూడున్నాయండీ. నాకు టైముంది.”

అయిదోది కూడా డొక్కలోనే, కింద పడి ఉండగా. ఆరోది తొడ మీద. ఏడోది ముఖం మీద. దవడ ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చిందని, అక్కడ నేల మీద పన్ను దొరికితే పోలీసే రుమాల్లో కట్టి ఆస్పత్రికి తెచ్చాడని చెప్పాను. అక్కడితో కూర్చోవలసింది. కాని ఒక సభ్యుడు, పోలీసు రిపోర్టులో ఇది పరస్పర ఘర్షణ అని ఉంది కదా అని నవ్వు ముఖం పెట్టి అడిగాడు. నాకు ఒళ్ళు మండింది.

“ఆయన చెయ్యి కూడా ఎత్తలేదు” అన్నాను. మళ్ళీ అన్నాను, ఇంకొంచెం గట్టిగా. బెల్లు మోగింది.

మావగారు వెనక బెంచీలో కూర్చుని మొత్తం షార్ట్‌హ్యాండ్‌లో దించారు. మర్నాడు పొద్దున్నే మా పాత మిషను మీద టైపు కొట్టి, ఆ కాగితం కొడుకు ముందు పెట్టారు. ఒకప్పుడు సభ్యులకూ మర్నాడు ఇలాగే చీటీలు పంపేవారట, తప్పుపడిన మాట ఉంటే దిద్ది పంపమని.

మా ఆయన పెన్ను తీసుకున్నారు. ఏడు కొట్టేసి తొమ్మిది చేశారు. ‘రెండు బ్యాగు మీద పడ్డాయి’ అని పక్కన రాశారు. చివరి లైను దగ్గరికి వచ్చారు. దాన్ని కూడా కొట్టేసి కింద రాశారు: ‘నేనూ కొట్టాను. మూడో దెబ్బ తర్వాత. స్టీలు లంచ్ డబ్బాతో, మూతి మీద. ఆ పన్ను నాది కాదు.’

కాగితం నా వైపు తిప్పుకుని చదివాను. పోలీసుల కాగితంలో ఆ మాట ఎందుకుందో, ఆయన వద్దని ఎందుకు రాశారో ఒకేసారి అర్థమైంది. అర్థమైనా నోరు ఊరుకుంటుందా?

“అయితే ఇప్పుడు వద్దు. వదిలేద్దాం. ఇది మినిట్స్‌లోకెక్కితే సిటిజెన్‌షిప్ పోతుంది. ఎవరు చూడొచ్చారు?”

“కొట్టినవాళ్ళు చూడలా? పన్ను పోయినవాడికి తెలీదా?” అన్నారు మావగారు. “వాడొచ్చి మూతి చూపించాడంటే, నువ్వన్న దెబ్బలన్నీ అబద్ధాలైపోతాయి. వచ్చే మీటింగ్‌లో మినిట్స్ ఖాయం చేసే ముందు దిద్దుబాట్లేమైనా ఉన్నాయా అని అడుగుతారు. అప్పుడు లేవాలి. వీడు కాదు, నువ్వు. అన్నవాళ్ళే దిద్దుకోవాలి.”

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన ప్యాడ్ తీసుకోలేదు. పెన్ను నాకిచ్చారు.

నెల తర్వాత, తీగెలు విప్పిన నాలుగో రోజున, అదే హాల్లో దిద్దుబాట్ల దగ్గర లేచాను. ఎదుటివాళ్ళని ఒప్పించడానికి చాలాసార్లు లేచాను గాని, నేను తప్పన్నానని చెప్పడానికి లేవడం అదే మొదలు. ఏడు కాదు తొమ్మిదన్నాను. చూడనిది అన్నానన్నాను. మూడో దెబ్బకీ నాలుగో దెబ్బకీ మధ్య మా ఆయన ఒక కుర్రాడి మూతి మీద స్టీలు డబ్బాతో కొట్టారని, దొరికిన పన్ను వాడిదని చెప్పాను.

“అంటే ఇద్దరూ కొట్టుకున్నారన్నమాట” అన్నాడు మేయరు.

“వాళ్ళవి తొమ్మిది, ఆయనది ఒకటి. ఆ ఒకటి తర్వాత వాళ్ళు ఆరు కొట్టారు. దవడ విరిగింది ఆఖరిదానికి, ఆయన నేల మీద ఉన్నప్పుడు. రెండూ రాయించండి.”

క్లర్కు రాసుకుంటోంది. అప్పుడు వెనక నుంచి మా ఆయన లేచారు. ఎవరూ పిలవలేదు. దవడ ఇంకా సగమే తెరుచుకుంటోంది, మాట ముద్దగా వస్తోంది.

“రెండోసారి కూడా కొట్టబోయాను. డబ్బా చేజారింది. జారకపోతే కొట్టేవాణ్ణి. అదీ రాసుకోండి.”

క్లర్కు ఆయన పేరు స్పెల్లింగు అడిగింది. ఆయన ఒక్కో అక్షరమే చెప్పారు.

పోలీసు కాగితంలో ‘పరస్పర ఘర్షణ’ పోయి ‘దాడి’ రావడానికి ఇంకో మూడు నెలలు పట్టింది. సిటిజెన్‌షిప్ సంగతి ఆ సాయంత్రానికి మాకేమీ తెలియదు. మీటింగ్ నుంచి ఇంటికొస్తూ కారు నేనే డ్రైవ్ చేస్తున్నాను. సిగ్నల్ దగ్గర ఆగి, ఉండబట్టలేక అడిగాను.

“ఆ ఆఖరి ముక్క ఎవరడిగారు మిమ్మల్ని?”

“ఎవరూ అడగలేదు” అన్నారాయన. “ఆరు వారాల నుంచి నోట్లోనే ఉంది.”