వాక్కాయకు చెర్రీ హోదా

పల్నాడు జిల్లా ఏర్పడిన కొత్తలో నన్ను ఫుడ్ సేఫ్టీ ఆఫీసరుగా నరసరావుపేటకు వేశారు. మొదటి తనిఖీల్లోనే గురజాలలో వెంకటేశ్వర్లు బేకరీకి వెళ్లాను. బోర్డు మీద ‘చెర్రీ కేక్’ అని ఉంది. కేకు మీద ఉన్నది వాక్కాయ. గింజ తీసి, రంగు కలిపిన చక్కెర పాకంలో రోజుల తరబడి నానబెట్టి ఆరబెట్టిన సరుకు. తినడానికి ఇబ్బంది లేదు, చెర్రీ అని అమ్మడమే తప్పు. నోటీసు ఇచ్చే అధికారం నా పైనుండే డిజిగ్నేటెడ్ ఆఫీసరుది. నేను నివేదిక రాస్తాను. పేరన్నా మార్చు, పండన్నా మార్చు, లేకపోతే లైసెన్సుకు ముప్పు అని చెప్పి వచ్చాను.

భయపడి అతను పండు మార్చాడు. హైదరాబాదు నుంచి అసలైన చెర్రీలు తెప్పించాడు.

వారం తిరక్కుండానే పక్క పల్లె రైతు కోటేశ్వరరావు, భార్య సుబ్బాయమ్మతో సహా, వెంకటేశ్వర్లును వెంటబెట్టుకుని నా ఆఫీసుకు వచ్చాడు. మనవడి పుట్టినరోజు కేకు మీద కల్తీ చెర్రీ పెట్టాడట.

“నల్లగా ఉండాది, లోపల గింజ! మా నాయనకున్న ఒక్క పన్నూ కదిలింది సార్. కొట్టు మూయించండి.”

“అదే అసలు చెర్రీ బాబాయ్, ఒట్టు!”

“ఒరేయ్, ఇన్నేళ్లుగా కేకులు తింటన్నా. చెర్రీ ఏందో నాకు తెలవదంట్రా?”

ఫిర్యాదు కింద ఇరవై సంతకాలు. ఇంతమంది అబద్ధమాడతారా అని ఆయన వాదన. ఇరవై మంది సంతకం పెట్టినంత మాత్రాన అసలు చెర్రీ కల్తీ అయిపోదని నేను గట్టిగానే అన్నాను. సాక్ష్యంగా తెచ్చింది సగం కొరికిన పండొక్కటి. నిబంధన ప్రకారం నమూనాను నాలుగు భాగాలు చేసి సీలు వెయ్యాలి. దాన్ని నాలుగు చేసే కత్తి ప్రభుత్వం నాకివ్వలేదు.

వెంకటేశ్వర్లు దగ్గర మిగిలిన పాత ఎర్ర పండ్లను తెప్పించి వేడినీళ్లలో నానబెట్టాను. రంగు, పాకం దిగాయి. సుబ్బాయమ్మ ఒకటి నోట్లో వేసుకుంది.

“ఏమయ్యా, ఇది మన గట్టు మీద వాక్కాయ గదా! పప్పులో ఏస్తే పులుపని కంచం నెడతావే, అదే ఇది!”

కోటేశ్వరరావు కూడా నమిలాడు. “అయితే వాడికి వాక్కాయే పెట్టమనండి సార్. పేరు మాత్రం చెర్రీ అనే ఉంచండి” అన్నాడు.

కుదరదన్నాను. ఫిర్యాదును కల్తీ లేదని మూసేశాను. బేకరీ నిలిచింది, వెంకటేశ్వర్లు మళ్లీ వాక్కాయే పెడతానంటే బోర్డు మీద ‘వాక్కాయ కేక్’ అని రాయించాను.

అప్పటి నుంచి మూకుమ్మడి ఫిర్యాదు వస్తే సంతకాలు లెక్కపెట్టడం మానేశాను. వాళ్లలో అసలు సరుకును ఎప్పుడైనా రుచి చూసినవాళ్లు ఎవరని ముందు అడుగుతున్నాను.